కిటికీలో గ్లాసు

మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. రెండేళ్ల క్రితం సూరత్ వచ్చి వడోద్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మేమిద్దరం అక్కాచెల్లెళ్లం.

మా ఇంట్లో పనిచేసే మాసీకి రోజూ టీ ఇస్తాం. ఆమె గ్లాసు వేరు. అది వంటింటి కిటికీలో ఉండేది. మా గిన్నెలన్నీ తోమేది ఆమే, కానీ ఆ గ్లాసు మాత్రం వాటిలో కలిసేది కాదు. అలా ఉంచమని అమ్మ మాకెప్పుడూ చెప్పలేదు. చూసి నేర్చుకున్నాం. ఊరు మారినప్పుడల్లా పనిచేసేవాళ్లు మారారు, వేరు గ్లాసు మాత్రం మారలేదు.

నిరుడు స్కూల్లో బార్డోలీ సత్యాగ్రహం మీద ప్రాజెక్టు చేశాం. 1928లో సర్దార్ పటేల్ నాయకత్వంలో రైతులు శిస్తు పెంపును ఎదిరించి గెలిచారు. ఆ పొలాల్లో హాళీలు కూడా ఉండేవారని అప్పుడే తెలిసింది. పెళ్లికి భూస్వామి దగ్గర అప్పు తీసుకుని, అది తీరక జీవితాంతం అతని పొలం దున్నేవారు. భార్య ఆ ఇంట్లోనే పాచిపని చేసేది. సత్యాగ్రహం శిస్తు కోసం జరిగింది, వాళ్ల అప్పు కోసం కాదు. అన్యాయాన్ని ఎదిరించినవాళ్లకు కూడా పక్కనున్న అన్యాయం మామూలుగానే కనిపించింది.

సెలవుల్లో జనగామ దగ్గర మా ఊరికి వెళ్లినప్పుడు నాయనమ్మకు ఇదంతా చెప్పాం. "మన దగ్గర గూడ వెట్టి ఉండె బిడ్డా. దొర కనబడితే నీ బాంచెన్ కాల్మొక్త అనుడే. గట్లనే నడవాలె అనుకున్నరు గని, తప్పని ఎవ్వలనుకోలె" అంది. తప్పని అన్నవాళ్లూ పుట్టారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దేశ్‌ముఖ్‌కు వదల్లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చాడు. మన రాజ్యాంగం 23వ అధికరణలో వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది.

తిరిగి వచ్చాక కిటికీలో గ్లాసు చూసి, "ఎందుకమ్మా ఇది?" అని అడిగాం. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "మా అమ్మ ఇంట్లోనూ అంతే. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు" అంది.

మర్నాడు మా కప్పులో టీ పోసి ఇచ్చాం. మాసీ తీసుకోలేదు. "నా గ్లాసు ఉంది కదా" అంది. మాకు ఏడుపొచ్చింది. అలవాటు ఆమెను కూడా ఒప్పించేసింది. అమ్మ ఆ గ్లాసు తీసి మా గ్లాసుల్లో కలిపేసింది. వారం రోజులకు మాసీ కప్పు అందుకుంది. ఇప్పటికీ కుర్చీలో కూర్చోమంటే గుమ్మం దగ్గరే కూర్చుంటుంది. మేమూ అక్కడే ఆమె పక్కన కూర్చుని తాగుతున్నాం.

మిత్రులారా, మనం రెండు మూడేళ్లకోసారి సామాను సర్దుకునేవాళ్లం. ఈసారి సర్దేటప్పుడు, పెట్టెల్లో ఏయే అలవాట్లు మనతో వస్తున్నాయో ఒక్కసారి చూసుకుందాం.