12 కుండీల సేద్యం

వైజాగ్ పాత ఊళ్లో మేడ మీద మొక్కలు పెంచితే మొదట నేర్చుకునేది ఆకులు కడగడం. పొద్దున కడిగితే సాయంత్రానికి మళ్లీ పోర్టు బొగ్గు దుమ్ముతో నల్లటి పొర. దాని మీద వేపనూనె కొడితే ఆకుకి అంటేది సగమే. అందుకే ముందు నీళ్లు, తర్వాతే మందు. లీటరుకి 5 మి.లీ. నూనె, కలవడానికి కాస్త కుంకుడు రసం, అదీ ఎండ దిగాక. వేపలోని అజాడిరక్టిన్ ఎండకి నిలవదు. పురుగు అక్కడికక్కడే చావదు. తిండి మానేస్తుంది, కుబుసం విడవలేకపోతుంది. మా వంగమొక్క మీద పేనుబంక తగ్గడానికి వారం పట్టింది. ఆ వారమంతా అమ్మ వెటకారం భరించడమే కష్టమైంది.

జీవామృతం సంగతి వేరు. అది పురుగుల కోసం కాదు, మట్టిలోని సూక్ష్మజీవుల కోసం. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఊరూరా నేర్పిస్తున్న ప్రకృతి సేద్యంలో ఎకరానికి లెక్క ఇదీ: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి. నాకున్నవి 12 కుండీలు! బకెట్టుకి కుదించా. అనకాపల్లి నల్లబెల్లమే వేశా. తెలుపు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపింది సూక్ష్మజీవులకెందుకు?

రైతుబజార్లో ఏరి పారేసిన కాలీఫ్లవర్ ఆకులు కంపోస్టుకి అడిగితే, "ఏ ఆవుకమ్మా?" అంటోంది కూరలావిడ.