బాలింత ఆయాసం

మన ఇళ్ళల్లో బాలింత ఏం చెప్పుకున్నా ఒకటే జవాబు, "పురుడన్నాక మామూలేనమ్మా" అని. నీరసం మామూలే, నడుం నొప్పి మామూలే. మా చెల్లి ఆయాసం కూడా రెండు రోజులు ఆ లెక్కలోనే పోయింది.

సిజేరియన్ అయి 12 రోజులు. కుట్లు కదులుతాయని మంచం దిగనివ్వలేదు, ఒళ్ళు నీరు పడుతుందని మంచినీళ్ళు కూడా కొలిచే ఇచ్చారు. నేను చూడ్డానికి వెళ్ళిన రోజు బాత్రూం దాకా నడిచొచ్చి, "అక్కా, ఊపిరి అందట్లేదే" అంటూ కూలబడిపోయింది. గట్టిగా గాలి పీలిస్తే కుడివైపు డొక్కలో పొడిచినట్టుందట. ఎడమ పిక్క వాచి ఉంది. అమ్మ "గ్యాసేమో, వాము నమలమను" అంది గానీ నాకు మనసొప్పలేదు. ఆటో పిలిచాను.

ఆస్పత్రిలో వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 91 చూపించింది. ఎక్స్‌రే మాత్రం బాగానే ఉంది. అమ్మ హమ్మయ్య అనుకునేలోపే డాక్టరమ్మ సీటీ స్కాన్ రాశారు. "కాలి నరంలో కట్టిన రక్తం గడ్డ పైకి కొట్టుకొచ్చి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే ఎక్స్‌రేలో చాలాసార్లు తెలియదమ్మా. డి-డైమర్ అని రక్త పరీక్ష ఉంది గానీ, పురుడైన కొత్తల్లో గడ్డ లేకపోయినా అది ఎక్కువే చూపిస్తుంది" అన్నారు.

ఈలోపు చెల్లి అత్తగారు వచ్చారు. "పాలిచ్చే పిల్లకి ఆ మందెక్కిస్తే పసిగుడ్డు గతేంటి వదినగారూ?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆవిడ భయంలో తప్పేముంది? డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పారు. ఎక్కించే అయోడిన్ మందులో నూటికి ఒక వంతు కూడా పాలల్లోకి రాదట. పాలు పిండి పారబోయక్కర్లేదట. రేడియేషన్ కొంత తగులుతుంది, కానీ గడ్డని కనిపెట్టకుండా వదిలేస్తే ఉండే ముప్పు ముందు అది చిన్నదట.

స్కాన్‌కి ఎంతోసేపు పట్టలేదు. మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడెక్కి, పక్క తడిపేశానేమో అనిపించిందట చెల్లికి. అది అందరికీ అనిపించేదేనని నర్సు ముందే చెప్పింది. కాసేపు ఊపిరి బిగబట్టమన్నారు, అంతే. తర్వాత డాక్టరమ్మ మాకు బొమ్మ చూపించారు. మందు పారిన రక్తనాళాలు తెల్లటి చెట్టుకొమ్మల్లా ఉన్నాయి. కుడివైపు ఒక కొమ్మ మధ్యలో మాత్రం నల్లటి మచ్చ. అదే గడ్డ.

ఆ రాత్రే హెపారిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఉన్న గడ్డ పెరగకుండా, కొత్తది కట్టకుండా ఆపితే, ఒళ్ళే దాన్ని మెల్లగా కరిగించుకుంటుందట. తర్వాత వార్ఫరిన్ మాత్రలు, పాలిస్తూనే వేసుకుంది. 3 నెలలు, మధ్య మధ్య రక్త పరీక్షలు. పోయిన వారమే ఆపేశారు. పిల్లది బోర్లా పడుతోంది!

మీ ఇంట్లో బాలింత ఉంటే ఒక్కమాట. ప్రతి ఆయాసానికీ స్కాన్ అక్కర్లేదు. రక్తం తక్కువైనా ఆయాసం వస్తుంది, ఏది అవసరమో డాక్టరు చూసుకుంటారు. కానీ మొదటి 6 వారాల్లో ఉన్నట్టుండి ఆయాసం, గాలి పీలిస్తే ఛాతీలో పోటు, ఒక కాలే వాయడం, దగ్గితే రక్తం పడటం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. స్కాన్‌కి ముందు కిడ్నీ జబ్బున్నా, ఇంతకుముందు ఇలాంటి మందు పడకపోయినా చెప్పండి. పథ్యం పెట్టుకోండి, వద్దనను. నీళ్ళు మాత్రం కడుపునిండా తాగనివ్వండి, ఇంట్లోనే నాలుగడుగులు వేయనివ్వండి.