అందరికీ పంపితే ఎవరికీ పంపనట్టే

మెయిలింగ్ లిస్ట్ అంటే మనలో చాలామందికి ఒక అడ్రస్, అంతే. దానికి ఒక మెయిల్ కొడితే వందమందికి వెళ్తుంది. ఎమ్మెస్ చేస్తూ యూనివర్సిటీ ఐటీ ఆఫీసులో వారానికి ఇరవై గంటల ఉద్యోగంలో చేరేదాకా నేనూ అలాగే అనుకున్నా. (సెమిస్టర్ నడుస్తుండగా ఎఫ్-1 వీసా మీద అంతకంటే ఎక్కువ చెయ్యనివ్వరు లెండి.) నాకు అప్పజెప్పిన పని లిస్టులు చూసుకోవడం. వినడానికి గుమాస్తా ఉద్యోగంలా ఉంది కదా! చేస్తే తెలిసింది... ఇందులో టెక్నాలజీ కంటే, ఎవరు మాట్లాడొచ్చు, ఎవరు విని తీరాలి అన్న పంచాయితీయే ఎక్కువ.

స్థూలంగా లిస్టులు నాలుగు రకాలు.

మొదటిది ప్రకటనల లిస్టు. కొద్దిమందే పంపుతారు, మిగతావాళ్ళు చదువుకుంటారు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో అటెండర్ సర్క్యులర్ పట్టుకొస్తే లెక్చరర్ గారు పాఠం ఆపి చదివి, సంతకం పెట్టి పంపేవారు చూడండి, అచ్చం అదే. ఎదురు మాట్లాడటం ఉండదు.

రెండోది చర్చల లిస్టు. సభ్యుల్లో ఎవరు రాసినా అందరికీ వెళ్తుంది. రీసెర్చ్ గ్రూపులవీ, విద్యార్థి సంఘాలవీ ఇలాంటివే. ఆగస్టు వచ్చిందంటే మనవాళ్ళ లిస్టు నిండా రూమ్మేట్ల వేట, సెకండ్ హ్యాండ్ పరుపులు, ఎయిర్‌పోర్ట్ పికప్పులు.

మూడోది క్లాసు లిస్టు. ఇందులో పేర్లు చేతితో చేర్చరు. రిజిస్ట్రార్ డేటాబేస్ నుంచి ఒక స్క్రిప్టు రోజూ రాత్రి తెచ్చి పెడుతుంది. కోర్సు డ్రాప్ చేస్తే మర్నాటికి పేరు ఉండదు. ఫెర్పా అని 1974 నాటి చట్టం ఒకటి ఉంది, విద్యార్థుల వివరాలకి అదే కాపలా. అందుకని ఈ సభ్యుల జాబితా ఎవరంటే వాళ్ళకి చూపించకూడదు.

నాలుగోది తప్పించుకోలేని లిస్టు. విద్యార్థులందరూ ఉంటారు, అన్‌సబ్‌స్క్రైబ్ అవడం కుదరదు. అసలు కథంతా దీని దగ్గరే.

ఈ లిస్టుల సాఫ్ట్‌వేర్ పుట్టిందే యూనివర్సిటీల్లో. ఎరిక్ థామస్ 1986లో లిస్ట్‌సర్వ్ రాసింది పారిస్‌లో చదువుకుంటూ, బిట్‌నెట్ అనే యూనివర్సిటీల నెట్‌వర్క్ కోసం. మెయిల్‌మ్యాన్‌ని జాన్ వీగా మొదలుపెట్టింది ఒక రాక్ బ్యాండ్ అభిమానుల లిస్టు నడపడానికట! ఇందులో సెట్టింగులు వందల్లో ఉంటాయి. అన్నిట్లోకీ ప్రమాదకరమైనవి రెండే: ఎవరు పంపొచ్చు, రిప్లై ఎటు పోవాలి.

2012 నవంబరులో న్యూయార్క్ యూనివర్సిటీలో ఏమైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పన్ను ఫారం గురించి ఫీజుల ఆఫీసు నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఒక కుర్రాడు దాన్ని వాళ్ళమ్మకి పంపబోయి రిప్లై ఆల్ నొక్కాడు. అది దాదాపు 40,000 మందికి వెళ్ళింది. ఓహో ఇలా అందరికీ పంపొచ్చా అని తెలిసిన మిగతావాళ్ళు ఇక ఆగలేదు, ఇన్‌బాక్సులన్నీ తిరునాళ్ళే. అందరూ ఆ కుర్రాణ్ణి చూసి నవ్వారు. నన్నడిగితే తప్పు అతనిది కాదు. ప్రకటనల లిస్టుకి చర్చల లిస్టు సెట్టింగులు పెట్టి వదిలేసినవాళ్ళది.

ఇంకోటి 2014 ఏప్రిల్ నాటిది. యాహూ తన డిమార్క్ పాలసీని రిజెక్ట్‌కి మార్చింది. చర్చల లిస్టులో యాహూ అడ్రసు నుంచి ఎవరైనా రాస్తే చాలు, ఆ మెయిల్‌ని మిగతా సభ్యుల సర్వర్లు తిప్పికొట్టేవి. మెయిల్‌మ్యాన్ ఆ బౌన్సులు లెక్కపెట్టి, డీఫాల్ట్‌గా స్కోరు 5 దాటగానే ఆ సభ్యుడికి మెయిల్స్ ఆపేస్తుంది. రాసినవాడు బాగానే ఉన్నాడు, ఏ పాపం తెలియని చదివేవాళ్ళు లిస్టులోంచి పోయారు.

ఇవన్నీ గోల చేసే సమస్యలు, కాబట్టి ఎవరో ఒకరు సరిచేస్తారు. చప్పుడు చెయ్యని సమస్య వేరే ఉంది.

మా అపార్ట్‌మెంట్లో గుంటూరు నుంచి వచ్చిన జూనియర్ ఒకడు ఉండేవాడు. ఇండియాలోనే ఇన్సూరెన్స్ కొనుక్కుని వచ్చాడు. మా దగ్గర సొంత ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు గడువులోగా వేవర్ ఫారం నింపాలి, లేకపోతే యూనివర్సిటీ ఇన్సూరెన్స్ డబ్బులు ఫీజులో కలిపేస్తారు. వాడికి పదిహేను వందల డాలర్లు పైన పడింది. "అన్నా, నాకసలు మెయిలే రాలేదు" అన్నాడు. అప్పీలు పెట్టుకున్నాడు. ఆఫీసువాళ్ళు మెయిల్ అందిందో లేదో చూడమని మాకే పంపారు. లాగ్ తీసింది నేనే. మూడు మెయిల్స్, మూడూ అందాయి. ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను. అప్పీలు కొట్టేశారు.

వాడి ఇన్‌బాక్స్ చూస్తే సంగతి అర్థమైంది. తప్పించుకోలేని లిస్టుకి రోజుకి రెండు మూడు మెయిల్స్ వస్తున్నాయి... యోగా క్లాసు, కెఫెటేరియాలో కొత్త మెనూ, ఫుట్‌బాల్ టిక్కెట్లు. నిజంగా ఏదైనా చెయ్యాల్సినవి నెలకి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అన్‌సబ్‌స్క్రైబ్ అవనివ్వలేదు కాబట్టి వాడు ఫిల్టర్ పెట్టుకున్నాడు. నేను గమనించినంతలో మా క్లాసులో సగంమంది చేసింది అదే! తలుపు మూసుకోవద్దంటే చెవులు మూసుకుంటారు మరి. అందింది అనేదానికీ, చదివారు అనేదానికీ ఉన్న తేడా ఏ సర్వర్‌కీ తెలీదు. కానీ డబ్బు కట్టేది ఆ తేడాకే.

ఇదంతా మా మేనేజర్‌తో చెబితే ఆయన మీటింగులో పెట్టాడు. ప్రతి ఆఫీసూ మాది ముఖ్యమంటే మాది ముఖ్యమంది. ఒక సెమిస్టర్ పట్టింది గానీ చివరికి లిస్టుని రెండుగా విడగొట్టాం. ఒకటి తప్పనిసరి: గడువు, డబ్బు, రిజిస్ట్రేషన్ విషయాలే, ఒక మోడరేటర్ చూశాకే వెళ్ళేది, సబ్జెక్టులో ఆఖరి తేదీ ఉండి తీరాలి. రెండోది వార్తలు: ఇష్టమైతే ఉండు, లేకపోతే వెళ్ళిపో. తుఫాను హెచ్చరికల్లాంటివి ఎటూ ఎస్సెమ్మెస్‌లో వెళ్ళేవే. మా జూనియర్‌కి మాత్రం పైసా వెనక్కి రాలేదు. సమ్మర్‌లో లైబ్రరీలో పనిచేసి ఆ అప్పు తీర్చుకున్నాడు.

ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నా కదా, ఇక్కడా అదే తంతు. కంపెనీలో అందరూ ఉండే లిస్టులో బర్త్‌డే కేకు మెయిల్, సర్వర్ డౌన్ మెయిల్ పక్కపక్కనే ఉంటాయి. జీమెయిల్ 2024 నుంచి, రోజుకి 5,000 దాటి మార్కెటింగ్ మెయిల్స్ పంపేవాళ్ళు ఒక్క క్లిక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అవనివ్వాల్సిందేనని రూలు పెట్టింది. చీరల కొట్టువాడు పాటిస్తున్న మర్యాద మన ఆఫీసుల్లో మనం పాటించడానికి ఏం అడ్డం?

రేపు మీరు ఒక లిస్టు పెట్టేముందు సభ్యుల్ని చేర్చడం తర్వాత చూసుకోండి. వీళ్ళు దీన్ని చదవకపోతే నష్టం ఎవరికి అని ముందు అడగండి. నష్టం వాళ్ళకైతే తప్పనిసరి చెయ్యండి, నెలకి నాలుగు మెయిల్స్ మించనివ్వకండి. నష్టం మీకే అయితే వెళ్ళిపోయే దారి చూపించండి. ఏమంటారు?