స్టీలు గ్లాసుల ఆట

ఆ ఊరి పేరు రాయను. గుంటూరు జిల్లాలో మిర్చి పండే ఊరు, అంతవరకే. రాత్రి అన్నం తిన్నాక ఒక బిళ్ళ వేసుకుని పడుకునేవాళ్ళు అక్కడ కొందరున్నారు. ఊరి పేరు అచ్చులో కనిపిస్తే వాళ్ళెవరో ఆరా తీసేవాళ్ళూ ఉంటారు. నన్ను వెంట తీసుకెళ్ళడానికి కాలేజీ పిల్లలు పెట్టిన మొదటి షరతే ఇది. రెండోది, ఫోటోలు తీయకూడదు.

ఫిబ్రవరి నెల, కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. బస్సు దిగగానే ఘాటు ముక్కుకెక్కింది. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో ఆరబోసిన కాయలు, కనుచూపు మేరా ఎరుపే. చెరువుగట్టు కింద పట్టాలతో వేసుకున్న గుడిసెలు, కర్నూలు వైపు నుంచి కోతలకొచ్చిన కుటుంబాలవి. పిల్లలు ఈ నెలనే ఎంచుకోవడానికి కారణం వాళ్ళే. సొంతూరు వదిలి నెలల తరబడి పరాయి ఊళ్ళో ఉండే కూలీలకి, సరుకెత్తడానికొచ్చే లారీ డ్రైవర్లకి హెచ్‌ఐవీ గురించి చెప్పేవాళ్ళు తక్కువ, పరీక్ష చేసే ఆసుపత్రి దూరం.

వచ్చినవాళ్ళు పదకొండుమంది. అందరూ ఒక డిగ్రీ కాలేజీలోని రెడ్ రిబ్బన్ క్లబ్బు సభ్యులు. వాళ్ళలో నలుగురు ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఒక కుర్రాడి భుజాన వాళ్ళ తాత డప్పు.

"మొదటేడాది మేం చేసిందల్లా డిసెంబరు ఒకటిన ర్యాలీ సార్" అంది జువాలజీ చదివే అమ్మాయి. "బ్యానరు పట్టుకుని సెంటరు దాకా నడిచేవాళ్ళం, మానవహారం కట్టేవాళ్ళం, ఫోటో దిగేవాళ్ళం. ఎవరూ మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగలా." ప్రశ్న అడిగించడం ఎట్లాగా అని వెతుక్కుంటూనే వాళ్ళు ఊళ్ళబాట పట్టారు.

నేను చూసిన ప్రచారం వేరు. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల ఈ వైరస్ మన దేశంలోకీ వచ్చేసిందని మొదటిసారి బయటపెట్టారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మాకు తెలిసింది గోడ మీది పుర్రె బొమ్మ, దాని కింద మందు లేదన్న మాట. 2003 ప్రాంతంలో పులిరాజా హోర్డింగులొచ్చాయి. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అన్న ఒక్క ప్రశ్న ఆంధ్రదేశం చేత నోరు విప్పించింది, అది చిన్న పని కాదు. కానీ మా వీధిలో అదే పేరుతో ఒకణ్ణి పిలిచి ఏడిపించేవాళ్ళు. అంతకు నాలుగేళ్ళ ముందు ఆ వీధిలోనే ఒక లారీ డ్రైవరు చనిపోతే పాడె మోయడానికి నలుగురు దొరకలేదు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. నేనూ వెళ్ళలేదు, కిటికీలోంచి చూశాను. ఈ పిల్లలతో ఇవాళ బస్సెక్కడానికి వెనక ఆ కిటికీ ఉంది.

మధ్యాహ్నం వాళ్ళు చేసిన మొదటి పని ఇంటింటికీ వెళ్ళి గ్లాసులు అడగడం. "పిన్నీ, రెండు గ్లాసులిస్తారా, సాయంత్రం తెచ్చిస్తాం." ఎందుకో ఎవరూ అడగలేదు. పెళ్ళిళ్ళలో చదివించిన స్టీలు గ్లాసులు, ఒక్కోదాని మీదా చుక్కలతో చెక్కిన పేరు, ఊరు, తేదీ. ఇరవై పోగయ్యాయి.

గ్లాసులు తోముతున్న చోటికి లింక్ వర్కరు వచ్చి కూర్చుంది. నలభై దాటిన మనిషి. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో పరీక్షకి వెళ్ళాల్సినవాళ్ళని వెళ్ళేలా చూడటం, మందులు మానేసినవాళ్ళని బతిమాలి మళ్ళీ మొదలుపెట్టించడం ఆమె పని. తనకీ ఆ వైరస్ ఉందని ఊళ్ళలో చెప్పదు. నాతో చెప్పింది, రాసుకోమంది కూడా.

"2006లో కడుపుతో ఉన్నప్పుడు తెలిసింది బాబూ. పురిటికెళ్ళిన ఆసుపత్రిలో నా మంచానికి ఎర్ర చీటీ కట్టారు. చూడ్డానికొచ్చినోళ్ళందరికీ ఆ చీటీయే చెప్పేసింది. ఇంటికొస్తే మా అత్తగారు నా కంచం, నా గ్లాసు పెరట్లో బొప్పాయి చెట్టు కింద పెట్టేసింది. ఆరేళ్ళు అక్కడే తిన్నాను." నొప్పులొచ్చినప్పుడు తనకొక నెవిరాపిన్ బిళ్ళ, పుట్టాక బిడ్డకి రెండు చుక్కల మందు వేశారట. బిడ్డకి వైరస్ రాలేదు. ఇప్పుడా పిల్ల నర్సింగ్ చదువుతోంది. ఏ మందూ వాడకపోతే తల్లి నుంచి బిడ్డకి సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. ఇప్పటి పద్ధతిలో తల్లికి ముందునుంచే మందులిస్తే అది 5 లోపుకి దిగుతుంది. ఆ లెక్క నాకూ తెలుసు. బొప్పాయి చెట్టు సంగతి విన్నాక ఆ లెక్కకి బరువొచ్చింది.

పొద్దుగూకే వేళకి రామాలయం అరుగు ముందు డప్పు మోగింది. కూలీలు కోత నుంచి తిరిగొచ్చారు, చేతులు ఇంకా మంటెక్కుతున్నట్టున్నాయి, చీర కొంగులకి తుడుచుకుంటూ నిలబడ్డారు. పది నిమిషాల నాటిక ఆడారు. బాగానే ఉంది గానీ నాటికలో ఎవరేం మాట్లాడతారో ఊళ్ళోవాళ్ళకి ముందే తెలిసిపోతోంది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన మధ్యలోనే అన్నాడు: "అమ్మాయ్, మా ఊళ్ళో అట్లాంటోళ్ళు లేరు. మీరు పక్కూరెళ్ళండి."

ఆ పిల్ల వాదించలేదు. "ఉండకపోవచ్చు తాతా. మన రాష్ట్రంలో 3 లక్షల మందికి పైగా ఉన్నారు, వాళ్ళదీ ఏదో ఒక ఊరే కదా" అని, "ఆట ఆడతారా?" అని అడిగింది. దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో నూటికి 0.21 మందిలో వైరస్ ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో అది 0.67 అని 2021 అంచనాలు చెబుతాయి. వెయ్యిమందిలో దాదాపు ఏడుగురు. ఆ అరుగు ముందు రెండు వందల మంది ఉంటారు.

ఆటకి ఇరవైమంది వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో సగం నీళ్ళున్న గ్లాసు. పందొమ్మిదింట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో సున్నపు తేట. చూస్తే తేడా తెలియదు, పట్టుకున్న మనిషికీ తెలియదు. డప్పు మోగినప్పుడల్లా ఎదురుపడ్డవాళ్ళతో నీళ్ళు కలిపి పంచుకోవాలి. ఇద్దరి గ్లాసుల మీద మాత్రం గట్టి మూతలున్నాయి, వాళ్ళు కలుసుకుంటారు గానీ నీళ్ళు కలవవు. "ఆ మూత ఏందో చెప్పండి చూద్దాం" అన్నాడు డప్పు కుర్రాడు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. వెనక నుంచి ఒక లారీ క్లీనరు "నిరోధ్" అని అరిచాడు. నవ్వులు. మూడుసార్లు డప్పు మోగింది.

తర్వాత ఒక్కో గ్లాసులో చిటికెడు పసుపు వేశారు. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో తెలుగింట్లో ఎవరికి చెప్పాలి? దిష్టి తీసే ఎర్రనీళ్ళు ప్రతి పెళ్ళిలోనూ చూసినవే.

ఇక్కడే ఆ పిల్లల తెలివి నన్ను ఆపేసింది. మొదట్లో వాళ్ళు ఈ ఆట గాజు గ్లాసులతో ఆడించేవారట. ఎవరి నీళ్ళు ఎర్రబడ్డాయో ఊరంతా చూసేది, నవ్వేది. ఒక ఊళ్ళో కొత్తగా పెళ్ళయిన అమ్మాయి గ్లాసు ఎర్రబడితే ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. వట్టి ఆటకే. "ఆరోజు రాత్రి బస్సులో మేమెవరం మాట్లాడుకోలేదు సార్. చీటీ కట్టినోళ్ళకీ మాకూ తేడా ఏముంది?" అంది జువాలజీ అమ్మాయి. అప్పటినుంచి స్టీలు గ్లాసులు. లోపలి రంగు పట్టుకున్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ కనపడదు. సర్కారు పరీక్షా కేంద్రం ఐసీటీసీలో ఫలితం చెప్పే తీరూ ఇదే: తలుపు వేసి, కౌన్సెలరు ఒక్కడితో. మన ఒప్పుకోలు లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం, అది అమల్లోకొచ్చింది 2018 సెప్టెంబరు 10న. ఉద్యోగం, బడి, అద్దె ఇల్లు వైరస్ పేరు చెప్పి కాదనకూడదనీ అందులో ఉంది. ఇంకో సంగతీ ఉంది, అంతగా ఎవరూ చెప్పనిది. తల్లిదండ్రులు ఈ జబ్బుతో పోయిన ఇంట్లో పన్నెండేళ్ళు నిండిన అక్కో అన్నో, ఊహ తెలిసి ఇల్లు నడుపుతున్న పిల్లలైతే, తమ్ముడికీ చెల్లికీ సంరక్షకులుగా బడిలో చేర్పించొచ్చు, బ్యాంకులో సంతకం పెట్టొచ్చు. ఆ సెక్షను రాసినవాళ్ళు అలాంటి ఇళ్ళని చూసే ఉంటారు.

పిల్లలు గ్లాసుల్లోకి తొంగి చూసి లెక్క మాత్రం పైకి చెప్పారు: "ఏడు." మొదట ఒక్కటే గ్లాసు. గుంపులో అలికిడి ఆగింది. "ఎవరివో మేం చెప్పం, మీరూ అడగొద్దు" అని, ఇరవై గ్లాసుల్లోనూ నిమ్మకాయ పిండారు. ఎరుపు విరిగి పసుపు తేలింది. ఆడుతున్న ఒకామె "అయ్యో, పోయింది!" అంది సంతోషంగా.

"పోలేదు పెద్దమ్మా" అన్నాడు కెమిస్ట్రీ కుర్రాడు. "అణిగింది. మళ్ళీ సున్నం పోస్తే మళ్ళీ ఎర్రబడుద్ది. అందుకే బిళ్ళ రోజూ వేసుకోవాలి." 2004 ఏప్రిల్ 1 నుంచి ఈ మందులు సర్కారు ఉచితంగా ఇస్తోంది. అప్పట్లో రక్తంలో సీడీ4 కణాలు బాగా పడిపోయేదాకా ఆగమనేవారు, 2017 నుంచి వైరస్ ఉందని తేలగానే మొదలుపెడుతున్నారు. మానకుండా వాడి, రక్త పరీక్షలో వైరస్ దొరకనంతగా అణిగి, అలాగే నిలిచి ఉంటే ఆ మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. ఈ మాట చెప్పినప్పుడు లింక్ వర్కరు తల దించుకుని కొంగు సర్దుకుంది.

అప్పుడు మొదలయ్యాయి ప్రశ్నలు. క్షవరం కత్తితో వస్తుందా? కొత్త బ్లేడు వేయమని అడగండి. జాతరలో పచ్చబొట్టుతో? ఒకే సూదితో పదిమందికి పొడిస్తే ప్రమాదమే. దోమతో? రాదు: దోమ మన ఒంట్లోకి ఎక్కించేది దాని ఉమ్మినే, ముందు తాగిన రక్తాన్ని కాదు, వైరస్ దాని కడుపులో అరిగిపోతుంది. ఒక కూలీ అడిగాడు, తను సొంతూరెళ్ళేదాకా పరీక్షకి ఆగాలా అని. ఏ ఊరి ఐసీటీసీలోనైనా చేస్తారని చెప్పి, 1097కి ఫోను చేస్తే డబ్బు పడదని వాళ్ళ ముఠా మేస్త్రీ సెల్లులో నంబరు ఎక్కించారు. పక్కూరెళ్ళమన్న పెద్దాయన ఏమీ అడగలేదు. చివరిదాకా కూర్చున్నాడు.

చీకటి పడ్డాక గ్లాసులు బోరింగు దగ్గర చింతపండు పెట్టి తోమి, పేర్లు చదువుకుంటూ ఇంటింటికీ బయలుదేరాం. మూడో ఇంటావిడ గుమ్మంలోనే నిలబడింది. ఆట చూసొచ్చిన మనిషే.

"మా గ్లాసేమన్నా ఎర్రబడిందా అమ్మాయ్?"

"అది చెప్పకూడదు పిన్నీ."

ఆవిడ చెయ్యి చాపలేదు. "ఆ తొట్టి దగ్గర పెట్టిపో" అంది.

అమ్మాయి కదల్లేదు. "పొద్దుటినుంచీ అరిచి గొంతు ఎండిపోయింది. ఇందులోనే కాసిని మంచినీళ్ళు పోస్తారా?"

కాసేపాగి ఆవిడ లోపలికెళ్ళి చెంబు తెచ్చింది. ఎత్తి పోసింది. అమ్మాయి గడగడా తాగి, గ్లాసు తొలిచి రెండు చేతులతో అందించింది. ఆవిడ కొంగుతో పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. తొట్టి దగ్గర పెట్టలేదు. లోపల ఎక్కడ పెట్టిందో మాకు కనపడలేదు.

సంచిలో ఇంకా పద్నాలుగు గ్లాసులున్నాయి. సెల్లు వెలుగులో తర్వాతి పేరు చదువుకుని పడమటి బజారుకి మళ్ళాం.