40 గుర్రాల ఇరుసు

హాట్ రాడ్ అనగానే అందరి కళ్ళూ ఇంజన్ మీదికే పోతాయి. బానెట్ లేకుండా బయటికి కనబడే వి8, డోర్ల మీద మంటల బొమ్మలు, చెవులు చిల్లులు పడే సౌండు. నన్నడిగితే అసలు కథంతా కింద, ఇరుసు దగ్గర ఉంది. ఆరు నెలలుగా మా బావతో ఫోన్లో వాదిస్తూ ఉండటం వల్ల ఈ విషయం నాకు కొంచెం గట్టిగానే వంటబట్టింది.

బావ వాళ్ళుండేది అమెరికాలో, ఒహాయోలో. కిందటేడు ఒక 1931 ఫోర్డ్ మోడల్ ఎ కొన్నాడు. బాడీ, ఫ్రేము, ఇరుసులు ఉన్నాయి, ఇంజన్ లేదు. అందులో షెవర్లే 350 పెడతానన్నాడు, అంటే 5.7 లీటర్ల వి8. ఆ కారు ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు దాని శక్తి 40 హార్స్‌పవర్. బావ కొన్న ఇంజన్‌ది 260. మధ్యలో అక్క ఫోన్ లాక్కుని, "ఒరేయ్, నువ్వు మెకానికల్ కదా, ఆ బండిలో చిన్నదాన్ని ఎక్కించొచ్చా లేదా? అదొక్కటి చెప్పు చాలు" అంది.

దీనికి జవాబు చెప్పాలంటే ఆ కారు కింద ఏముందో తెలియాలి. మన లారీలకి రెండు పక్కలా, పొడవునా కమాన్లుంటాయి కదా. మోడల్ ఎకి ముందొకటి, వెనకొకటి, రెండూ అడ్డంగా ఉంటాయి. హెన్రీ ఫోర్డ్‌కి ఈ అడ్డ కమాను మీద ఎంత మమకారమంటే 1948 దాకా కంపెనీ ఫోర్డ్ కార్లకి దాన్ని వదల్లేదు. కమాను అడ్డంగా ఉంటే ఇరుసు ముందుకీ వెనక్కీ జరగకుండా ఇంకేదో పట్టుకోవాలి. ఆ పని విష్‌బోన్‌ది. కోడి రొమ్ములో ఉండే వి ఆకారపు ఎముక పేరే దానికి పెట్టారు. రెండు చేతులూ ఇరుసుని పట్టుకుని, వెనక ఒకే గుండులో కలుస్తాయి. ఆ గుండు కూర్చునేది పాత ఇంజన్ వెనకున్న ఫ్లైవీల్ హౌసింగ్ కింద.

చిక్కంతా అక్కడే. పాత ఇంజన్ పోతే ఆ గుండుకి ఇల్లు లేదు. అందుకని పాతకాలం కాలిఫోర్నియా కుర్రాళ్ళు విష్‌బోన్‌ని నడిమికి కోసి, చెరో చేతినీ చెరోవైపు ఫ్రేముకి బిగించేవాళ్ళు. ఎండిపోయిన సరస్సుల్లో, మ్యూరాక్ లాంటి చోట్ల, తిన్నగా పరిగెత్తడానికి అది చాలు. కానీ ఒక చక్రం మాత్రమే గుంతలో పడినప్పుడు ఏమవుతుంది? రెండు చేతులూ వేర్వేరు కోణాల్లో తిరుగుతాయి, ఇరుసు మెలిపడుతుంది. పోత పోసింది కాదు, సాగగొట్టి చేసిన ఐ ఆకారపు ఇరుసు కాబట్టి ఆ మెలికని ఓర్చుకుంటుంది. అదే గొట్టపు ఇరుసైతే ఓర్చుకోదు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో ఓపెన్ సెక్షన్, క్లోజ్డ్ సెక్షన్ టార్షన్ అని చదివి పరీక్షయ్యాక మర్చిపోయాం చూడండి, అదే ఇది. గొట్టం మెలిపడనంటుంది, ఆ బలమంతా బ్రాకెట్ల మీద, వెల్డింగుల మీద పడుతుంది.

బావ మొదట అనుకున్నది ముస్టాంగ్ 2 కిట్. 1974 నుంచి 78 దాకా వచ్చిన ఆ కారు ముందు సస్పెన్షన్ పద్ధతి, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్‌తో సహా, అక్కడ కిట్లుగా దొరుకుతుంది. ప్రతి చక్రమూ దేనికదే కదులుతుంది. హాయిగా ఉంటుంది, కాదనను. కానీ ముందు క్రాస్ మెంబర్ కోసేయాలి. పైగా మడ్‌గార్డుల్లేని బండికి ముందు కనబడేది ఇరుసే, అదే దాని మొహం. అది తీసేసి ఎ ఆర్ములు వేలాడదీస్తే నాకు ధోతీ కింద స్పోర్ట్స్ షూ వేసినట్టుంటుంది. "నీదేం పోయింది, నడిపేది నేను" అన్నాడు బావ. నిజమే. అయినా చివరికి ఐ ఇరుసే ఉంచి, ఒక్కో పక్కన రెండేసి సమాంతర రాడ్లతో ఫోర్ బార్ పెట్టడానికి ఒప్పుకున్నాడు. అలాగైతే ఇరుసు దాదాపు మెలిపడకుండానే కదులుతుంది, క్యాస్టర్ కూడా పెద్దగా మారదు.

బండి కిందికి దిగాలని ముందే కమాన్లోంచి మూడు పట్టీలు తీసేద్దామనుకున్నాడు. ఆ ఫొటో పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్లు కట్టే ఒక మేస్త్రి దగ్గరికెళ్ళాను. ఆయన ఫొటో రెండు సెకన్లు చూశాడు. "ఇంజన్ కూర్చోబెట్టకుండా పట్టీలెలా లెక్కేస్తారు బాబూ? బరువంతా పడనీ, అప్పుడు తీయండి. మధ్యలో గ్రీజు ఆరితే కమాను కర్రయిపోద్ది." అమెరికాలో గ్రీజు బదులు పట్టీల మధ్య ప్లాస్టిక్ పీలికలు పెడతారట అని చెబితే నవ్వాడు.

అక్కకి మాత్రం బ్రేకుల సంగతే ముందు చెప్పాను. మోడల్ ఎవి రాడ్లతో లాగే బ్రేకులు. ఫోర్డ్ కార్లకి హైడ్రాలిక్ వచ్చింది 1939లో. డిస్కులూ, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండరూ వచ్చాక, సీట్ బెల్టులు ఫ్రేముకి బిగించాక, అప్పుడు మాట్లాడదాం అన్నాను. బావ ఆ రాత్రే ఆర్డర్ పెట్టాడు.

ఇప్పుడు ఇరుసు బిగిసింది, క్యాస్టర్ 6 డిగ్రీలొచ్చింది. మిగిలింది పాన్‌హార్డ్ రాడ్. అడ్డ కమాను షాకిల్స్ మీద ఊగుతుంది కాబట్టి బాడీ పక్కకి జరుగుతుంది. కొత్త స్టీరింగ్ డ్రాగ్ లింకు కూడా అడ్డంగానే ఉంది కనక, ఆ జరుగుడికి మనం తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. రాడ్డు డ్రాగ్ లింకుకి సమాంతరంగా, వీలైనంత దాని పొడవే ఉండాలి. బావ నిన్న కొలిచి పంపాడు, రెండంగుళాలు తక్కువొచ్చింది. బ్రాకెట్ జరపమన్నాను. జరుపుతున్నాడు.