తిరిగి వెళ్లే దారి

మా నాన్నగారికి పాత డీజిల్ లారీ ఒకటి ఉండేది. వేసవిలో నూజివీడు తోటల మామిడికాయలను విజయవాడ సమీపంలోని నున్న మార్కెట్టుకు చేర్చడమే మా జీవనాధారం. నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పరీక్షలు వ్రాసిన ఏడు, సరిగ్గా కోతల వేళ, ఆ లారీ మొరాయించింది. స్టార్టరు చురుకుగానే తిరిగేది. ఇంజను మాత్రం అందుకొనేది కాదు. ఒక్కొక్కసారి గతుకుల దారిలో నడుస్తూనే ఆగిపోయేది.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. కాని తాళంచెవి త్రిప్పగానే విద్యుత్తు ఒక సోలెనాయిడుకు చేరి, ఇంధనానికి దారి తెరవాలి. మా లారీలో మరొక సోలెనాయిడు కూడా ఉండేది. అది వాక్యూమ్ గొట్టాన్ని తెరుస్తూ మూస్తూ, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపే కవాటాన్ని నడిపేది. ఊరి మెకానిక్కు మొదటిదాన్ని మార్చాడు. తరువాత రెండవదాన్నీ మార్చాడు. డబ్బు ఖర్చయింది గాని జబ్బు కుదరలేదు. ఒకనాడు కాయలు బండిలోనే మెత్తబడి సగం ధరకు పోయాయి. లారీని తుక్కుకు అమ్మివేయాలని నాన్నగారు నిశ్చయించుకొన్నారు.

చివరి ప్రయత్నంగా విజయవాడ ఆటోనగర్‌లో ఒక వృద్ధ మేస్త్రి వద్దకు వెళ్లాము. ఆయన వెంటనే పానా పట్టలేదు. "ఈ మధ్య బండికి ఏమేమి పనులు చేయించారు?" అని అడిగారు.

"ఉగాదికి ముందు మా అబ్బాయి ఛాసిస్‌కు రంగు వేశాడు. అంతే" అన్నారు నాన్నగారు, కొంత గర్వంగా.

మేస్త్రిగారు తాళంచెవి త్రిప్పించి మీటరు పెట్టి చూశారు. బ్యాటరీ వద్ద 12 వోల్టులకు పైగా ఉంది. ఇంధన సోలెనాయిడు రెండు కొనల మధ్య 7 మాత్రమే ఉంది. తరువాత దాని ఎర్తు కొనకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య చూశారు. దాదాపు సున్న ఉండవలసిన చోట 5 వోల్టులు కనిపించాయి.

"బాబూ, కరెంటు రావడానికి దారి ఉంటే చాలదు. తిరిగి వెళ్లడానికీ దారి ఉండాలి" అంటూ తీగె వెంబడి చేయి పోనిచ్చారు. రెండు సోలెనాయిడ్ల ఎర్తు తీగెలూ ఛాసిస్‌కు ఒకే బోల్టుతో బిగించి ఉన్నాయి. బోల్టు విప్పితే, తీగె కొన క్రింద నల్లరంగు మందంగా పేరుకొని ఉంది.

నా గుండె ఝల్లుమంది. ఆ బోల్టును విప్పి, రంగు వేసి, దానిపైనే మరల బిగించినది నేనే. మేస్త్రిగారు నా వంక ఒకసారి చూశారు, ఏమీ అనలేదు. లోహం మెరిసేదాకా రంగును గీకి, తీగెలను బిగించారు. తాళంచెవి త్రిప్పగానే సోలెనాయిడు టక్కుమంది. ఇంజను అందుకొన్నది.

ఇంటికి వస్తూ ఎన్నో మాటలు కూర్చుకొన్నాను. చివరకు "నాన్నా, తప్పు నాది" అని మాత్రమే అనగలిగాను.

ఆయన కొంతసేపు రోడ్డువైపే చూస్తూ నడిపారు. "రంగు వేయమన్నది నేనే కదరా! తెల్లవారుజామున తోటకు వెళ్లాలి. త్వరగా పడుకో" అన్నారు.

నాటినుండి ఏ యంత్రం మొరాయించినా, దాని భాగాలను నిందించే ముందు నా చేయి చివరిసారిగా ఎక్కడ పడిందో చూసుకొంటాను.