కొలను పూర్తయ్యేది ఎప్పుడు?



ఈసారి ఒక రోగాన్ని గురించి గాక, నా ఇంటి పెరట్లో నేను కట్టించుకున్న ఒక కాంక్రీటు ఈత కొలనును గురించి రాస్తున్నాను. ఇది ఆరోగ్య విషయమేనా అని మీకు సందేహం రావచ్చు. చివరి వరకు చదివిన తరువాత ఆ సందేహం ఉండదని నమ్ముతున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉన్నది. దానిని దాచకుండా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాది సంగం. బీరాపేరు వచ్చి పెన్నలో కలిసే చోటు గనుక ఊరికి ఆ పేరు వచ్చింది. 1880 దశకంలో కట్టిన పాత ఆనకట్ట ఒకవైపు, 2022 సెప్టెంబరులో ప్రారంభమైన కొత్త బ్యారేజి మరొకవైపు, ఊరి చుట్టూ కాలువలు. నీటి నడుమ పుట్టి పెరిగిన వాళ్లం మేము. మా తరం పిల్లలు నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకొని దిగుడుబావిలో ఈత నేర్చుకున్నారు. గట్టు మీద ఎప్పుడూ ఒక పెద్ద మనిషి కూర్చుని ఉండేవాడు. ఆయన అక్కడ ఎందుకు కూర్చునేవాడో నాకు అప్పట్లో తెలియదు. డెబ్భై ఏళ్లు వచ్చాక తెలిసింది.

ఉద్యోగ విరమణ నాటికి నా మోకాళ్ల కీళ్లు బాగా అరిగిపోయాయి. నడిస్తే నొప్పి, నడవకపోతే బరువు పెరగడం, బరువు పెరిగితే మరింత నొప్పి. ఈ వలయం నుంచి బయటపడేందుకు నీటిలో వ్యాయామం మంచి మార్గం. నడుము లోతు నీటిలో నిలబడితే కీళ్ల మీద పడే శరీరభారం సుమారు సగానికి తగ్గుతుంది. ఛాతీ లోతులో మూడో వంతుకు తగ్గుతుంది. రోగులకు ఏళ్ల తరబడి చెప్పిన ఈ మాటను నేనే ఆచరించాలనుకున్నాను. సెలవులకు వచ్చే మనుమలకు ఈత నేర్పాలన్న కోరిక కూడా తోడైంది. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, ఒక చివర మూడడుగుల లోతు, మరొక చివర ఐదడుగుల లోతు. ఇదీ కొలత. సుమారు 38,000 లీటర్ల నీరు పడుతుంది.

కొలను కట్టడమంటే గొయ్యి తవ్వి సిమెంటు పూయడమేనని నేను భ్రమపడ్డాను. ఇంజనీరు మొదటి రోజే ఆ భ్రమను తొలగించాడు. కాలువలు పారి, వరిమళ్లు నిండినప్పుడు మా పెరటి బావిలో నీరు చేతికి అందేంత పైకి వస్తుంది. అటువంటి నేలలో నీరు లేని కొలను పడవ వంటిది. మా కొలను అడుగు వైశాల్యం 32 చదరపు మీటర్లు. భూగర్భజలం ఆ అడుగు కంటే ఒక్క మీటరు ఎత్తున నిలిస్తే, కింది నుంచి పైకి నెట్టే బలం 32 టన్నులు. ఖాళీ కొలనును ఆ బలం పైకి లేపనూ గలదు, బీటలు వారేటట్లు చేయనూ గలదు. అందుకని అడుగున నీటి ఒత్తిడిని వదిలే ఒక కవాటం పెట్టించాడు. వానాకాలంలో ఎట్టి పరిస్థితిలోనూ కొలనును ఖాళీ చేయవద్దని గట్టిగా చెప్పాడు.

అడుగుకు, గోడలకు ఇనుప కడ్డీలను రెండు వరుసలుగా అల్లారు. అడుగు, గోడ కలిసే అతుకులో నీరు దాటకుండా పట్టీ పెట్టారు. కాంక్రీటు పోసిన తరువాత రెండు వారాలు గోనెపట్టాలు కప్పి తడుపుతూనే ఉన్నారు. కాంక్రీటు ఎండిపోవడం వల్ల గట్టిపడదు. సిమెంటు నీటితో జరిపే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. తడి అందకపోతే ఆ చర్య మధ్యలో ఆగి, పగుళ్లు వస్తాయి.

ఆ రోజుల్లోనే మొదటి హెచ్చరిక వచ్చింది. కూలి పనికి వచ్చిన ఒక తల్లి తడి కాంక్రీటులో పొద్దంతా వట్టి కాళ్లతో నిలబడింది. సాయంత్రానికి ఆమె పాదాలు ఎర్రబారి, మరునాటికి చర్మం ఊడివచ్చింది. తడి సిమెంటు తీవ్రమైన క్షారం. దాని పీహెచ్ 12 దాటుతుంది. ఆమ్లం తగిలితే వెంటనే మండుతుంది గనుక మనిషి చేయి లాక్కుంటాడు. క్షారం మొదట్లో నొప్పి తెలియనివ్వదు, లోపలికి తినుకుంటూ పోతుంది. ఆమెకు వైద్యం చేశాను. పనివాళ్లందరికీ రబ్బరు బూట్లు, చేతి తొడుగులు కొనిచ్చాను. అవి మొదటి రోజే ఇవ్వవలసినవి. యాభై ఏళ్ల వైద్య వృత్తి తరువాత కూడా గాయాన్ని చూసిన మీదటనే నాకు గుర్తుకు వచ్చాయి. అయినా ఆ హెచ్చరికను నేను పూర్తిగా వినలేదు.

టైల్స్ అతికించే ముందు కొలనును నీటితో నింపి, కారుతున్నదేమో చూడాలి. నీటిమట్టం దగ్గర గోడ మీద గీత గీసి వారం రోజులు గమనించారు. ఎండకు ఆవిరయ్యే నీటిని కారే నీటిగా పొరబడకుండా, మెట్టు మీద ఒక బకెట్టును నీటితో నింపి పెట్టారు. బకెట్టులో తగ్గినంతే కొలనులోనూ తగ్గితే కారడం లేదన్నమాట. నేను ఉదయం సాయంత్రం స్కేలు పట్టుకొని కొలిచేవాణ్ణి. రెండు చోట్లా మట్టం సమానంగా తగ్గుతుంటే ఎంతో సంబరపడ్డాను.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను వరండాలో పత్రిక చదువుతున్నాను. కొలను నాకు ఇరవై అడుగుల దూరం. ఆ కూలి తల్లికి మూడేళ్లు నిండని కొడుకున్నాడు. ఇసుక కుప్ప మీద ఆడుకుంటూ ఉండేవాడు. ఆమె ఇటుకలు దించుతూ ఉన్నట్టుండి తల ఎత్తి, "బిడ్డ మాట వినపడలేదే" అన్నది. అంతే. నాకు ఏ చప్పుడూ వినిపించలేదు. కేక లేదు, నీరు చిమ్మిన శబ్దం లేదు. ఆమె పరుగెత్తి మూడడుగుల నీటిలోకి దూకి, వాణ్ణి బయటికి తీసింది.

పిల్లవాడు నీలిరంగుకు తిరిగాడు. ఊపిరి లేదు. మేస్త్రి పరుగున వచ్చి, "కాళ్లు పట్టుకొని తిప్పుదాం సార్, నీళ్లు దిగిపోతాయి" అంటూ చేతులు చాచాడు. "తిప్పొద్దు, నేల మీద పడుకోబెట్టమ్మా" అన్నాను. తల కొద్దిగా వెనక్కు వంచి, గడ్డం పైకెత్తి, వాడి నోటిని, ముక్కును నా నోటితో మూసి, ఛాతీ లేచేటట్లు నెమ్మదిగా ఊపిరి ఊదాను. ఒకటి, రెండు, మూడు. నాలుగోసారికి వాడు దగ్గాడు. పక్కకు తిప్పి పట్టుకోగానే వాంతి చేసుకొని ఏడ్చాడు. "సామీ, ఏడస్తా ఉండాడు" అని తల్లి నేల మీద కూలబడింది. 108 వాహనంలో నెల్లూరుకు తీసుకువెళ్లాము. ఊపిరితిత్తులలోకి నీరు పోయిన వారికి కొన్ని గంటల తరువాత ఆయాసం మొదలయ్యే ప్రమాదం ఉంటుంది గనుక, ఆ రాత్రంతా అక్కడ పరిశీలనలో ఉంచారు. బిడ్డ క్షేమంగా ఇంటికి వచ్చాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టైల్స్ రంగు ఎంచుకోవడానికి రెండు నెలలు తీసుకున్నాను. కంచె గురించి ఒక్క రోజు కూడా ఆలోచించలేదు. కొలను ఇంకా పూర్తి కాలేదు గదా, కంచె చివర్లో చూద్దామన్నది నా లెక్క. నీటికి ఆ లెక్కతో పని లేదు. నీరు నింపిన గంట నుంచే అది పిల్లల పాలిటి అపాయం. ఆ మాటకొస్తే, గొయ్యి తవ్విన రోజు నుంచే. మా జిల్లాలో పెద్ద వానలు కురిసేది అక్టోబరు, నవంబరు మాసాలలో. అప్పుడు తవ్వి వదిలిన ప్రతి పునాది గొయ్యీ ఒక కొలనే.

మునిగిపోయే మనిషి చేతులు ఊపుతూ కేకలు వేస్తాడని సినిమాలు మనకు నేర్పాయి. అది నిజం కాదు. ఊపిరి తీసుకోవడానికే నోరు చాలనప్పుడు కేక ఎక్కడి నుంచి వస్తుంది? చిన్నపిల్లలు నిశ్శబ్దంగా, ఒకటి రెండు నిమిషాలలో స్పృహ కోల్పోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం, 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. అందులో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ల లోపు పిల్లలే. ఈ విషయం జనానికి తెలియజేయడం కోసమే ఐక్యరాజ్యసమితి జూలై 25ను ప్రత్యేక దినంగా ప్రకటించింది.

మరునాడు పనంతా ఆపించి, ముందుగా కంచె కట్టించాను. నాలుగు వైపులా, నాలుగడుగులకు తగ్గని ఎత్తున. మూడు వైపులా కంచె పెట్టి, నాలుగో వైపు ఇంటి గోడను వదిలేస్తే ప్రయోజనం లేదు. పిల్లవాడు కొలను వద్దకు వచ్చేది ఇంటి తలుపులోంచే గదా! కడ్డీల మధ్య ఎడం నాలుగు అంగుళాలు మించలేదు. గేటు బయటికి తెరుచుకొని, వదిలిన వెంటనే తనంతట తాను మూసుకుంటుంది. గడియ పిల్లల చేతికి అందని ఎత్తున ఉంటుంది. కంచె పక్కన ఎక్కడానికి వీలయ్యే కుర్చీలు, పూలకుండీలు ఉంచలేదు.

ఆ తరువాతే టైల్స్ పని మొదలైంది. అడుగున నీరు పీల్చే రంధ్రం ఒక్కటే ఉంటే దాని ఒత్తిడికి జుట్టో, చేయో చిక్కుకోవచ్చు. అందుకని దూరదూరంగా రెండు రంధ్రాలు ఏర్పాటు చేసి, వాటికి గట్టి మూతలు బిగించారు. పంపుకు, దీపాలకు ఎర్తింగుతో పాటు, విద్యుత్తు లీకయితే తక్షణం సరఫరా ఆపివేసే పరికరం పెట్టించాను.

నీటి సంగతి కూడా చెప్పాలి. కొలను నీటిలో క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. కొత్త సిమెంటు సున్నాన్ని వదులుతుంది గనుక మొదటి వారాలలో పీహెచ్ పెరుగుతూ పోతుంది. పీహెచ్ పెరిగితే క్లోరిన్ ఉన్నా సరిగా పనిచేయదు. ఎండకు క్లోరిన్ తరిగిపోతుంది గనుక సాయంత్రం వేయడం మేలు. పీహెచ్ తగ్గించే ఆమ్లాన్ని, బ్లీచింగ్ పౌడరును ఎన్నడూ ఒకే పాత్రలో కలపవద్దు, ఒకే గదిలో పక్కపక్కన ఉంచవద్దు. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. ఆమ్లాన్ని నీటిలో పోయాలి గాని, నీటిని ఆమ్లంలో పోయరాదు. క్లోరిన్ లేని వెచ్చని నిలవ నీరు ముక్కులోకి పోతే ఏం జరగగలదో, కేరళలో 2024, 2025 సంవత్సరాలలో బయటపడిన మెదడువాపు అమీబా కేసులు మనకు చూపించాయి. అటువంటి కేసులు అరుదు, కాని వ్యాధి సోకితే బతికేవారు తక్కువ.

మీలో చాలామందికి ఇంట్లో ఈత కొలను ఉండదు. అయినా ఈ వ్యాసం మీ కోసమే. సంపు ఉన్నది గదా? పశువుల తొట్టి, స్నానాల గదిలో నిండు బకెట్టు, కట్టుబడిలో ఉన్న పునాది గొయ్యి, పొలంలో బావి, ఏటిలో ఇసుక తీసిన గుంత ఉన్నాయి గదా? నడక నేర్చే బిడ్డకు తల బరువు ఎక్కువ. తలకిందులుగా బకెట్టులో పడితే తనంతట తాను లేవలేదు. రెండంగుళాల నీరు చాలు.

ఎవరైనా మునిగితే గుర్తుంచుకోండి. ఈత రానివారు లోతు నీటిలోకి దూకవద్దు, తాడో, కర్రో, ఖాళీ డబ్బానో అందించండి. బయటికి తీసిన వారిని గిరగిర తిప్పవద్దు, పొట్ట నొక్కవద్దు. ఆ పనుల వల్ల విలువైన నిమిషాలు పోతాయి, వాంతి ఊపిరితిత్తులలోకి పోతుంది. ఊపిరి లేకపోతే మొదట అయిదు సార్లు నోటితో ఊపిరి ఊదండి. మునిగిన వారిలో గుండె ఆగేది ప్రాణవాయువు అందకనే గనుక, ఊపిరే మొదటి మందు. అప్పటికీ కదలిక లేకపోతే, ఛాతీ మధ్య 30 నొక్కులు, 2 ఊపిరులు చొప్పున, సహాయం అందేవరకు ఆపకండి. పక్కవారితో 108కి ఫోను చేయించండి. ఊపిరి తిరిగి వచ్చినా ఆసుపత్రికి తప్పక తీసుకువెళ్లండి.

ఇప్పుడు ప్రతి ఉదయం అరగంట ఆ నీటిలో నడుస్తాను. మోకాళ్ల నొప్పి బాగా తగ్గింది. మనుమలు వచ్చినప్పుడు వారికి ఈత నేర్పుతున్నాను. ఈత వచ్చినంత మాత్రాన కాపలా అక్కరలేదని అనుకోను. వారు నీటిలో ఉన్నంతసేపు నా చేతిలో పత్రిక ఉండదు, ఫోను ఉండదు. గట్టు మీద కూర్చుంటాను. బయటికి వచ్చాక గేటు వదిలి, గడియ పడిన చప్పుడు విన్న తరువాతనే ఇంట్లోకి వెళతాను.

ఆ తల్లీబిడ్డలు పని ముగిశాక వేరే ఊరికి తరలిపోయారు. ఆ రోజు ఆమె తల ఎత్తి చూసింది గనుక నేను ఈ వ్యాసం రాయగలుగుతున్నాను. మీరు ఇది చదవడం ముగించిన వెంటనే లేచి, మీ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి రండి. మూతలేని సంపు కనబడితే, రేపటికి వాయిదా వేయకుండా ఈ రోజే మూయించండి.